ఒక నూలు వెనక్కి

పెట్రోలు జీపు శబ్దం విని దాని జబ్బు చెప్పగలిగినవాళ్ళు మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ చుట్టుపక్కల ఇద్దరే మిగిలారని అంటుంటారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. సంతోషపడాల్సిన మాటే. కానీ అనేవాళ్ళు ముందు ఆ ఇంకొకడి పేరు చెప్పి, తర్వాత కాస్త ఆలోచించి నా పేరు చెబుతారు. ఆ కాస్త ఆలోచించడం ఉంది చూశారా, అది నన్ను ముప్పై ఏళ్ళుగా తింటోంది.

వాడి పేరు ఇక్కడ రాయను. మా షెడ్డు దగ్గర అందరూ టేకలప్ప అంటారు, ఇప్పుడు ఉండేది టేకల్‌లో కాబట్టి. పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే, గనివాళ్ళ లైనిళ్ళలో, మా ఇంటికి మూడిళ్ళ అవతల. ఇద్దరి తాతలూ చిత్తూరు వైపు పల్లెల నుంచి బంగారం తవ్వడానికి వచ్చినవాళ్ళే. ఇద్దరం ఒకే ఏడాది గని కంపెనీ మోటారు గ్యారేజీలో పనికి చేరాం. గని మూతపడ్డాక నేను ఆండర్సన్‌పేటలో రేకుల షెడ్డు వేసుకున్నాను. వాడు పెళ్ళాం ఊరికి పోయి మామిడితోట, ఆవులు చూసుకుంటున్నాడు. పని వదిలేశాడు గానీ పేరు వాణ్ణి వదల్లేదు. నేను రోజూ చేతులకు గ్రీజు పూసుకుంటాను. వాడు రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి రైలు దిగి, అరగంట బానెట్టు కింద వంగి, టీ తాగి వెళ్ళిపోతాడు. ఆ అరగంట గురించి జనం నెల రోజులు చెప్పుకుంటారు. నా నెల రోజుల పని గురించి అరగంట మాట్లాడినవాడు లేడు.

ఇది మొదలైంది గ్యారేజీలోనే. మా ఫోర్‌మన్ మమ్మల్ని ఇంజనుకు వీపు పెట్టి నిలబెట్టేవాడు. తను, ప్లగ్గులకు మంట పంచే డిస్ట్రిబ్యూటర్‌ను అటో ఇటో కొంచెం తిప్పి, మంట ముందుగా పడుతోందా ఆలస్యంగా పడుతోందా అని అడిగేవాడు. టేకలప్ప తప్పు చెప్పినట్టు నాకు గుర్తు లేదు. నేను పదిసార్లకు ఆరుసార్లు సరిగ్గా చెప్పేవాణ్ణి, ఆ ఆరింటిలోనూ రెండు వాడి ముఖం చూసి చెప్పినవి. ఒకరోజు ఫోర్‌మన్ అందరి ముందూ వాడి భుజం తట్టి, “వీనికి చెవి ఉండాదప్పా,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, పాపం చిన్నబుచ్చుకుంటాననుకున్నాడేమో, “నీ పని శుభ్రం,” అన్నాడు. శుభ్రం అనేది పొగడ్తా? గిన్నెలు తోమేవాళ్ళను కూడా అదే మాటంటారు.

ఇక జీపు సంగతి. కామసముద్రంలో ఒకావిడ ఉంది. అరవై దగ్గర పడిన మనిషి, నేను అక్కా అంటాను. మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతుంది. మామగారి కాలం నాటి పెట్రోలు జీపు ఒకటి ఆవిడ దగ్గరుంది, తనే నడుపుతుంది. పట్టుగూళ్ళు కోలారు మార్కెట్‌కు వేసుకుపోవడానికి అదే బండి. కొడుకు ఎన్నిసార్లు చెప్పినా అమ్మనివ్వదు. పన్నెండేళ్ళుగా ఆ జీపు మీద నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. వచ్చిన ప్రతిసారీ తాళం నా చేతిలో పెట్టి, “నీ చెయ్యి పడితే చాలప్పా,” అంటుంది. ఆ మాట కోసం నేను ఆ బండికి రెండింతల పని చేసేవాణ్ణి, అడగని బోల్టులు కూడా బిగించేవాణ్ణి. మా ఆవిడ ఎగతాళి చేసేది: “ఆ జీపు వస్తే నీ మొగంలో ట్యూబులైటు వెలుగుతాది. నేనొస్తే ఆరిపోతాది.” నిజమే. ఊళ్ళో ఎంతమంది వాడి పేరు ముందు చెప్పినా, ఆ ఒక్క బండి విషయంలో మొదటివాణ్ణి నేను. అది నా చేతిలోంచి పోకూడదు, అంతే.

పోయిన ఏడాది మామిడి పూత కాలంలో అక్క జీపు తెచ్చింది. ఇంజను ఒక్కోసారి తడబడుతోంది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి రోటర్‌ను వేళ్ళతో పట్టుకుని కదిపితే షాఫ్టు పక్కకి ఊగింది. లోపలి బుష్ అరిగిపోయింది. షాఫ్టు ఊగితే పాయింట్ల సందు ఒక చుట్టులో ఒకలా, ఇంకో చుట్టులో ఇంకోలా ఉంటుంది, మంట ఎప్పుడు పుడుతుందో దానికే తెలియదు. కొత్త డిస్ట్రిబ్యూటర్లు ఎక్కడా దొరకడం లేదు. బెంగళూరు పాతసామాన్ల సందుల్లో ఒక పూటంతా తిరిగి, అదే తరహా డిస్ట్రిబ్యూటర్ ఒకటి వెతికి తెచ్చాను.

దాన్ని ఎక్కించిన పద్ధతి చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, రెండో చేత్తో హ్యాండిలు మెల్లగా తిప్పాను. పిస్టన్ పైకి వచ్చేది రెండుసార్లు: ఒకసారి పొగ తోసెయ్యడానికి, ఒకసారి పెట్రోలు గాలిని నొక్కడానికి. నొక్కేటప్పుడే మంట కావాలి. గాలి బొటనవేలిని ఎగదన్నిందంటే అదే. ఇది చూడకుండా ఎక్కించినవాళ్ళు సగం రోజు సెల్ఫు కొట్టి, సైలెన్సర్లో టపాకాయలు పేల్చి, చివరికి బ్యాటరీని తిడతారు. నేను అలాంటివాణ్ణి కాను. ఫ్లైవీల్ మీది గుర్తు కిటికీలోకి వచ్చేదాకా తిప్పి ఆపాను. రోటర్ మొదటి వైరు వైపు చూసేలా డిస్ట్రిబ్యూటర్‌ను దించాను. షాఫ్టు అడుగు కింది గాడిలో టక్కున కూర్చుంది. పాయింట్లు అప్పుడే విడిపోయే చోటికి దాని ఒళ్ళు తిప్పి, క్లాంపు బోల్టు బిగించాను. తర్వాత, మంట సరిగ్గా ఎప్పుడు పడుతోందో చూపించే టైమింగ్ లైటు పెట్టి చూశాను. ఆ లైటు కూడా నేను కష్టపడి కొనుక్కున్నదే, వాడి దగ్గర లేనిది నా దగ్గర ఒక్కటైనా ఉండాలని. లైటులో గుర్తు వెంట్రుకంత తేడా లేకుండా నిలబడింది.

వారానికి అక్క తిరిగి వచ్చింది. “బాగానే ఉండాదప్పా, కానీ గట్టు ఎక్కేటప్పుడు ముందర మాదిరి గుంజేది లేదు.” మళ్ళీ లైటు పెట్టాను. మళ్ళీ అంతా సరిగ్గానే ఉంది. పంపించాను. పది రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి బండి దిగలేదు, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, నా ముఖం చూడకుండా, చాలా మెత్తగా అడిగింది.

“టేకలప్పని ఒకసారి పిలిపిస్తే ఏమప్పా?”

“దానికేమక్కా, పిలుస్తాను,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆమె ఎదుటే ఫోను తీసి వాడి నంబరు నొక్కాను, నాకేం లెక్క లేదన్నట్టు.

మర్నాడు పొద్దున వాడు ఊరిగాం స్టేషన్లో దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. అందులో రెండు వైర్లకు కట్టిన చిన్న బల్బు, ఒక స్పానరు, ఒక తువ్వాలు. నా లైటు బల్ల మీద కనబడేలా పెట్టి ఉంచాను. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని, “ఎంత బాగుండాదప్పా,” అని నిజంగానే మెచ్చుకుని, జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టేశాడు. వాడి మీద నాకు కోపం రావడానికి ఒక్క మంచి కారణం కూడా ఇవ్వడు. అదే అన్నిటికన్నా పెద్ద కోపం.

క్యాప్ తీసి, వేగం పెరిగేకొద్దీ మంటను ముందుకు జరిపే లోపలి బరువుల స్ప్రింగుల్ని వేలితో ఒకసారి లాగి వదిలాడు. “ఇది వేరే బండి మీద బతికిందప్పా. స్ప్రింగులు బిగువుగా ఉండాయి. పుస్తకంలో గుర్తు దీనికి సరిపోదు.” అంతే. నేను మూడు వారాలు లైటు పట్టుకుని చూసింది గుర్తును, వాడు చూసింది స్ప్రింగును. ఆ మాట నాకెందుకు తట్టలేదని ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

అక్కను నడపమని, తను పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనకాల స్టెప్నీ పక్కన. పన్నెండేళ్ళలో ఆ బండిలో వెనక కూర్చోవడం అదే మొదటిసారి. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్కనుంచి పోయే ఏటవాలు రోడ్డు మీద టాప్ గేరులోనే తొక్కమన్నాడు. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. ఆపించి, దిగి, బోల్టు వదులు చేసి, వేళ్ళతో ఇంత తిప్పాడు, తిప్పినట్టు కూడా కనబడలేదు. మళ్ళీ ఎక్కించాడు. ఈసారి ఇంజన్లో సన్నగా గులకరాళ్ళు కదిలిన చప్పుడొచ్చింది, అంటే మంట మరీ ముందుగా పడుతోంది. కొంచెం వెనక్కి తెచ్చాడు. మూడోసారి జీపు ఆ ఏటవాలును ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. అక్క చిన్నపిల్లలా నవ్వింది.

“ఇది మా మామ కాలం శబ్దమప్పా! ఎన్నేండ్లయింది విని!” అని వాడి వైపు తిరిగి, “నీ చెయ్యి పడితే చాలప్పా,” అంది.

నా మాట. పన్నెండేళ్ళుగా నాది అనుకున్న మాట. ఆమె అన్నది కూడా ఆమెకు తెలిసి ఉండదు, నోటికి అలవాటైన మాట అది. కానీ వెనక సీట్లో కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది. షెడ్డు చేరేదాకా స్టెప్నీ టైరు మీది గీతలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

షెడ్డులో వాడు బోల్టు గట్టిగా బిగించి, నా బల్ల మీది చిన్న ఉలి తీసుకుని గీత వేశాడు. ఈ గీత సంగతి చెప్పాలి. గనిలోకి మనుషుల్ని దించే పంజరాన్ని నడిపేవాడు, దాని తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము మీది గుర్తులు చూసే ఆపేవాడు. ఏ గుర్తు దగ్గర ఆపితే ఏ అంతస్తు అని. కింద ఉండేవి ప్రాణాలు. కాబట్టి ఒకడు పెట్టిన గుర్తును ఇంకొకడు ముట్టుకోవడమంటే మా దగ్గర మాటలు కాదు. ఆ అలవాటే గ్యారేజీకీ వచ్చింది. టైమింగ్ పెట్టినవాడు డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదా, దాన్ని పట్టుకున్న ఇంజను మీదా కలిపి ఒకే గీత ఉలితో కొడతాడు. సగం ఇటు, సగం అటు. రెండు సగాలూ కలిసి ఉన్నంతకాలం ఆ పని అతనిది, దానికి పూచీ అతనిది. ఎవరి గీత ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, చేవ్రాలు తెలిసినట్టు. చెరిపితే వేసినవాడే చెరపాలి. ఒకసారి ఒకడు ఇంకొకడి గీతను ఆకురాయితో రుద్దేశాడని తెలిసి, నెల రోజులు ఆ రుద్దినవాడి పక్కన కూర్చుని ఎవరూ టిఫిన్ డబ్బా విప్పలేదు.

వాడి గీత ఏటవాలుగా, ఒకే దెబ్బ. నా జీపు మీద వాడి గీత పడింది.

టీ తాగి వాడు పన్నెండు గంటల రైలుకు వెళ్ళిపోయాడు. బ్రేకు షూలు మార్చాల్సి ఉండడంతో అక్క బండి నా దగ్గరే వదిలి బస్సులో పోయింది. మూడు గంటలకు బ్రేకుల పని అయిపోయింది. చేతులు కడుక్కుని కూర్చోవాల్సినవాణ్ణి బానెట్టు ఎత్తాను. ఏం చెయ్యబోతున్నానో నాకు తెలియదని అబద్ధం చెప్పను. స్పానరు సైజు కూడా చూసుకునే తీసుకున్నాను.

బోల్టు వదులు చేసి, రోటర్ తిరిగే వైపుకే ఒక నూలు జరిపాను. స్కేలు మీద అంగుళంలో ఎనిమిదో వంతు. అంత జరిపితే మంట ఆలస్యంగా పడుతుంది. ఊరికే నిలబెట్టి నడిపితే తెలియదు, సమతలం రోడ్డు మీదా పెద్దగా తెలియదు. బరువేసి ఎత్తు ఎక్కితే శక్తి చాలదు, ఇంజను వేడెక్కుతుంది. అక్క ఒకసారి విసుక్కుని, టేకలప్ప పని కూడా ఇంతేనా అనుకుంటే చాలు. అంతకన్నా నేనేమీ కోరలేదు. ఒక్కసారి, ఒక్క మనిషి నోట, వాడి గురించి ఆ మాట రావాలి.

బోల్టు బిగించాక చూస్తే గీత రెండు ముక్కలై, ఒకదానికొకటి దూరంగా నిలబడి ఉంది. చెరిపెయ్యాలి కదా. ఆకురాయి తీశాను. గీత మీద ఆనించాను కూడా. ఇంకెవడైనా దొంగ అయితే రెండు తోపుల్లో పని ముగించేవాడు. నాకు చెయ్యి రాలేదు. బండి టైమింగ్ తిప్పడానికి రాని సిగ్గు, గీత చెరపడానికి వచ్చింది. మా గ్యారేజీలో పెరిగినవాళ్ళం ఇంతే, ఎక్కడ నీతి ఉండాలో అక్కడ ఉండదు, ఇంకెక్కడో ఉంటుంది. చివరికి వేలితో ఇంత గ్రీజు తీసి దాని మీద పులిమి, బానెట్టు దించేశాను.

మర్నాడు అక్క జీపు తీసుకెళ్ళింది. నాలుగు రోజులకు మధ్యాహ్నం ఫోను వచ్చింది. గూళ్ళు వేసుకుని కోలారు బయల్దేరితే, గట్టు సగం ఎక్కేసరికి రేడియేటర్ పొంగిపోయిందట. చల్లార్చి నీళ్ళు పోసి నాలుగడుగులు ఎక్కితే మళ్ళీ పొంగిందట. ఎండలో మూడు గంటలు నిలబడిపోయిందట.

“మీ టేకలప్ప చేసిన పని ఇదేనాప్పా!” అని అరిచింది.

నిజం చెబుతాను. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సంతోషమే. నోరు తీపెక్కినంత సంతోషం. ఎన్నాళ్ళ ఆకలో తీరినట్టుంది. ఆ వెంటనే ఆమె గొంతు మారింది. “గూళ్ళన్నీ మూటల్లోనే చెమర్చి పాయనప్పా. వేరే బండిలో మార్కెట్‌కు చేరిస్తే చూసినోళ్ళంతా మొగం తిప్పుకునిరి. నెల దినాలు నిద్ర మానుకొని ఆకు వేసినాను.” ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. ఆమె ఏడవగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ తీపి నోట్లోనే ఉంది, ఉమ్మలేను, మింగలేను.

గూళ్ళ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ నెలలోనే పంట దించుతుందనీ తెలుసు. ఒక నూలు తిప్పేటప్పుడు నా కళ్ళ ముందు వాడి ముఖం ఒక్కటే ఉంది, ఆ మూటలు లేవు.

మరుసటి రోజు జీపును ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు తెచ్చారు. వాణ్ణి కూడా రమ్మని ఆమే ఫోను చేసింది. వాడు వచ్చేసరికి ఆమె బండి పక్కనే నిలబడి ఉంది, కొంగు నడుముకు చుట్టి. నేను బల్ల దగ్గర ఏదో నట్టును తుడుస్తున్నాను, తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తున్నాను. వాడు బానెట్టు ఎత్తాడు. సంచిలోంచి తువ్వాలు తీసి, ముందు ఆ గ్రీజు తుడిచాడు.

గీత బయటపడింది. రెండు ముక్కలు. వాడు బొటనవేలు ఒక ముక్క మీద పెట్టి, రెండో ముక్క దాకా జరిపాడు. ఒక నూలు. వేలు అక్కడే ఉంచి చాలాసేపు వంగి ఉన్నాడు. బోల్టును చేత్తో కదిపి చూశాడు, అది గట్టిగా ఉంది. వదులై జారిపోయిన డిస్ట్రిబ్యూటర్ మీద బోల్టు గట్టిగా ఉండదు. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. లోకంలో ఇక మా ఇద్దరికే తెలుసు. వాడు నా వైపు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు.

“నాదే తప్పక్కా,” అన్నాడు వాడు. “బోల్టు సరిగా బిగించకుండా పోతిని. అందుకే జరిగి ఉండాది.”

అక్క వాణ్ణి అన్న మాటలన్నీ రాయలేను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఇంత పేరున్న మనిషివి, ఒక బోల్టు బిగించడానికి చేతకాలేదా అంది. మా పనిలో అంతకన్నా అవమానం లేదు. గంట కిందట చేరినవాణ్ణి కూడా ఆ మాటనరు. వాడు తల వంచుకుని, “అవునక్కా, అవునక్కా,” అంటూ నిలబడ్డాడు. నేను నట్టు తుడుస్తున్నాను.

ఆమె టీ అంగడి వైపు పోయాక, వాడు నా బల్ల మీది ఆకురాయి తీసుకుని తన గీతను తనే రుద్దేశాడు, రెండు ముక్కలూ. తర్వాత స్పానరు నా చేతికిచ్చాడు.

“నువ్వే పెట్టప్పా. నీ గీత వెయ్యి. బండి నీది గదా.”

ఈసారి వాడు వెనక స్టెప్నీ పక్కన కూర్చున్నాడు. దిబ్బల పక్క రోడ్డులో నేను వింటూ, దిగి తిప్పుతూ, మళ్ళీ ఎక్కుతూ పోతే, రెండోసారికే జీపు పైకి లాగేసింది. నేను నిజంగా విన్నానో, నేను తిప్పిన నూలునే తిరిగి తిప్పానో చెప్పలేను. అక్క కళ్ళు తుడుచుకుని తల ఊపింది. నా గీత నేను వేసుకున్నాను, పొట్టివి రెండు.

వాణ్ణి స్టేషన్ దాకా దించడానికి నడిచాను. రైలు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నేనే అడిగాను.

“అట్ల ఎందుకు చెప్తివప్పా?”

“నాకు ఆవులుండాయి, తోట ఉండాది,” అన్నాడు. “నీకు ఈ షెడ్డొకటే గదా.”

జాలి. వాడు నా మీద జాలిపడ్డాడు. వాడు తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి. చెవి వాడిదే, పేరు వాడిదే, ఇప్పుడు మంచితనం కూడా వాడిదే. చేసిన తప్పు నాది, అయినా ఆ బల్ల మీద కూర్చుని నేను కుళ్ళింది వాడి మంచితనం చూసి. సిగ్గుపడ్డానంటే బాగుండేది. సిగ్గు తర్వాత వచ్చింది, చాలా తర్వాత.

రైలు కనబడ్డాక వాడు లేచి సంచి భుజాన వేసుకున్నాడు. “ఒకటి చెప్పు. గీత ఎందుకు చెరపలేదు?”

“చెయ్యి రాలేదు.”

వాడు నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నువ్వు చెరిపి ఉంటే నేనే తప్పుగా పెట్టినానేమో అనుకొనుందును. చచ్చేదాకా అదే బాధ పడుందును. మంచి పని చేసినావు,” అని ఎక్కి వెళ్ళిపోయాడు.

అది జరిగి ఏడాది దాటింది. ఆ రోజు అక్క అన్న మాటలు కామసముద్రం దాటి బైరకూరు దాకా పోయాయి. టేకలప్పకు వయసైపోయింది, బోల్టులు బిగించడం మరిచిపోతున్నాడు అని అందరూ అంటున్నారు. పెట్రోలు బండ్లు అన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. ఇప్పుడు ముందు చెప్పేది నా పేరే. రెండో పేరు ఎవరూ చెప్పడం లేదు. వాణ్ణి పనికి ఎవరూ పిలవరు. అయినా పండగకు తోటలో మొదటి కోత మామిడికాయలు ఒక బుట్ట పంపాడు. మా ఆవిడ ఊరగాయ పెట్టింది. నేను దాని జోలికి పోలేదు.

పోయిన నెల అక్క ఆయిలు మార్పించడానికి వచ్చింది. అదే సమయానికి బైరకూరు నుంచి ఒక పెద్దాయన పాత పెట్రోలు కారు తెచ్చాడు. గట్టు ఎక్కడం లేదని దాని బాధ. బానెట్టు ఎత్తి నేను చూస్తుండగా ఆయన అడిగాడు: “టైమింగ్ పెట్టేదానికి టేకల్‌లో ఒకాయన ఉండాడంట గదా? చెవితోనే చెప్తాడంట?”

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. “అయ్యో, ఆయప్ప వద్దే వద్దు. బోల్టు కూడా బిగించకుండా నా పంటంతా పోగొట్టినాడు.” అని నా వైపు తిరిగింది, పన్నెండేళ్ళ నమ్మకమంతా ముఖంలో పెట్టుకుని. “అవునా కాదా, నువ్వే చెప్పప్పా. నీ ముందరే ఒప్పుకున్నాడు గదా?”

ఇద్దరూ నా ముఖం చూస్తున్నారు. చేతిలో స్పానరు ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు.

“అవునక్కా,” అన్నాను.